క్రాగ్‌సైడ్: వేట విడిదిగా మొదలై మేడగా ముగిసిన ఇల్లు

ఇంగ్లండ్‌లో విక్టోరియా కాలపు ఎస్టేటు ఇళ్ళలో ఒక్కదాన్నే చూసే వీలుంటే క్రాగ్‌సైడ్‌ని ఎంచుకోవచ్చు. అన్నిటికన్నా అందమైనదని మాత్రం చెప్పలేం. కొన్ని వైపుల నుంచి చూస్తే గజిబిజిగానే ఉంటుంది. కానీ ఒక చిన్న విడిది ఎలా పెరిగి మేడ అయిందో, ఏ అతుకు కుదిరిందో, ఏది కుదరలేదో గోడల మీదే చదువుకోగలిగే ఇల్లు ఇంత తేలిగ్గా మరొకటి దొరకదు. ఆ చూపుతో వెళ్ళేవారి కోసమే ఈ సమీక్ష. పాత కుర్చీలూ పింగాణీ సామానూ చూడ్డానికి వెళ్ళేవారికి అంతకన్నా నిండుగా ఉండే మేడలు వేరే ఉన్నాయి.

ఇది నార్తంబర్లాండ్‌లో, రాత్‌బరీ అనే చిన్న ఊరి పక్కన, డెబ్డన్ వాగు లోయ మీద ఉంది. న్యూకాజిల్ నుంచి సుమారు 30 మైళ్ళు. 1870లో రాత్‌బరీకి వచ్చిన రైలు 1952లో ప్రయాణికులకు ఆగిపోయింది కాబట్టి ఇప్పుడు రోడ్డు మార్గమే దిక్కు. కట్టించినవాడు విలియం ఆర్మ్‌స్ట్రాంగ్. వకీలుగా మొదలై, నీటి ఒత్తిడితో నడిచే క్రేన్లు చేసి, ఆ తర్వాత ఫిరంగులు, యుద్ధనౌకలు తయారుచేసి కోట్లకు పడగలెత్తినవాడు. ఇంట్లో ఎక్కడ చూసినా నీళ్ళ పైపు తగలడానికి కారణం ఆ నీటి క్రేన్ల పనే.

1863లో అతను ఇక్కడ స్థలం కొని కట్టుకున్నది వారాంతాల్లో వచ్చి చేపలు పట్టుకోవడానికి, వేటాడుకోవడానికి సరిపడే మామూలు రాతి ఇల్లు. కట్టడంగా పెద్ద గొప్ప ఏమీ లేనిది. 1869లో రిచర్డ్ నార్మన్ షా అనే ఆర్కిటెక్టును పిలిపించాడు. అతిథులంతా వేటకు వెళ్ళి వచ్చేలోపు షా కొత్త ఇంటి రూపాన్ని గీసి ఇచ్చాడని చెప్పుకుంటారు. అది నిజమైనా కాకపోయినా, అక్కడి నుంచి 1880ల నడుమ దాకా విడతలు విడతలుగా పని సాగింది: ముందు లైబ్రరీ, భోజనాల గది, వాటి కింద టర్కిష్ స్నానాల గదులు, తర్వాత గోపురాలు, గ్యాలరీ, చివర డ్రాయింగ్ రూమ్. షా వెళ్ళిపోయాక, 1895లో ఫ్రెడరిక్ వాలర్ బిలియర్డ్స్ గది కట్టాడు. పాత విడిది ఎక్కడికీ పోలేదు, ఇప్పటి ఇంటి నడుమ ఇమిడిపోయి ఉంది. ఈ వరుస ముందే బుర్రలో పెట్టుకుని వెళ్ళాలి, ఎందుకంటే లోపల గదులు కట్టిన క్రమంలో ఎదురు రావు. ఒక గుమ్మం దాటితే పదేళ్ళు ముందుకు, ఇంకోటి దాటితే ఇరవై ఏళ్ళు వెనక్కు వెళ్తాం.

ముందు బయటి నుంచి. ఇంటి ముందర నిలబడి చూడటం వల్ల పెద్దగా లాభం లేదు. మరీ దగ్గర, మెడ నొప్పి తప్ప ఏమీ దక్కదు. కిందికి దిగి, వాగు మీది ఇనుప వంతెన దగ్గరకు వెళ్ళి తల ఎత్తాలి. ఈ వంతెన కూడా 1870ల్లో ఆర్మ్‌స్ట్రాంగ్ కార్ఖానాలో చేసిందే. అక్కడి నుంచి ఇల్లు, కింద రాతి తోట, ఆ కింద లోయ ఒకే బొమ్మగా కనిపిస్తాయి. షా ఏం సాధించాలనుకున్నాడో అక్కడే అర్థమవుతుంది. కొండ వాలు మీద చదునైన నేల దొరకదు కాబట్టి పొడవుగా, సమంగా ఒక ముఖం గీయలేడు. అందుకే సమతూకం జోలికే పోకుండా ఎత్తుల్లో తేడాలు పెట్టాడు: ఒక చోట మొన కప్పు, పక్కన చదరపు గోపురం, వాటి మధ్య గుత్తులుగా లేచిన పొడవాటి పొగగొట్టాలు. ఆ పొగగొట్టాలను తీసేసి ఊహించండి, మిగిలేది చెల్లాచెదురుగా పడేసిన పెట్టెల వరస. బొమ్మ మొత్తాన్ని పట్టి ఉంచింది అవే.

అన్నీ మెచ్చుకోవాల్సిన అవసరం లేదు. పై అంతస్తుల మొన గోడల మీద కనిపించే నల్లటి చెక్క పట్టీలు, వాటి మధ్య తెల్లటి పూత, అదంతా ఇంగ్లండ్ దక్షిణాన ససెక్స్ వైపు పల్లె ఇళ్ళ పద్ధతి. షా అప్పటికే అటువైపు లీస్‌వుడ్ అనే ఇల్లు ఆ తరహాలో కట్టి పేరు తెచ్చుకున్నాడు, అదే రుచిని ఇక్కడికి తెచ్చాడు. నార్తంబర్లాండ్ మాత్రం మందపాటి రాతిగోడల దేశం. స్కాట్లాండ్ సరిహద్దు దొంగల భయానికి జనం రాతి బురుజుల్లో బతికిన చోటు. అక్కడ ఈ చెక్క అలంకారం అరువు చొక్కాలా కనిపిస్తుంది. పైగా దక్షిణాది పాత ఇళ్ళలో చెక్క చట్రమే ఇంటి బరువంతా మోస్తుంది: నిలువు స్తంభాలు, అడ్డ దూలాలు కుసులు పెట్టి, చెక్క మేకులతో బిగించి, మధ్య ఖాళీలను తడికలతోనో ఇటుకలతోనో నింపుతారు. ఇక్కడ బరువు మోసేది రాయి, చెక్క ఎక్కువగా పైపై అలంకారం. షా సంగతి తెలిసినవాడు కనుక కొలతలు చెడకుండా చూసుకున్నాడు. తర్వాతి తరంలో ఆ పద్ధతిని అనుకరించిన వేలాది ఊరి ఇళ్ళకు ఆ తెలివి లేదు.

ఇలాంటి పైపై చెక్కతో చిక్కు ఏమిటో తెలిస్తే ఏ విక్టోరియన్ ఇల్లు చూసినా పనికొస్తుంది. అసలైన చట్రంలో చెక్కకు రెండు వైపులా గాలి ఆడుతుంది, తడిసినా ఆరుతుంది. గోడకు బిగించిన పలకకు వెనక గాలి ఉండదు. వాన నీరు పలకకూ పూతకూ మధ్య సన్నటి పగులులో దిగి అక్కడే నిలుస్తుంది. ముందు కుళ్ళేది పలక చివర, అంటే చెక్క నరాలు తెరుచుకుని ఉండే కోసిన వైపు. కాబట్టి బాగోగులు చూడాలంటే పలక నడుమ కాదు, అడ్డ పట్టీ మీద నిలువు పట్టీ కూర్చునే చోటు చూడాలి. రంగు ఎంత నిగనిగలాడుతున్నా ఆ మూలలో పొక్కు లేచి ఉంటే లోపల మెత్తబడిందనే లెక్క.

రాయి సంగతి వేరు. స్థానికంగా దొరికే ఇసుకరాయి, మేలైన రకమే. ఇసుకరాయికి పొరలుంటాయి, గనిలో పడుకున్న తీరులోనే గోడలోనూ పడుకోబెడితే మన్నుతుంది, నిలబెట్టి పేరిస్తే పొరలు పొరలుగా రాలుతుంది. ఇంకో పెద్ద శత్రువు సిమెంటు. పాత సున్నం అతుకులు రాలిపోయిన చోట సిమెంటు దట్టిస్తే, గోడలో చేరిన తడి అతుకులోంచి బయటికి రాలేక రాయిలోంచే వస్తుంది, చలికాలంలో గడ్డకట్టి రాతి ముఖాన్ని ఊడగొడుతుంది. అతుకు రాయికన్నా మెత్తగా ఉండాలి, పాడైతే అతుకే పాడవ్వాలి. ఇన్ని విడతలుగా కట్టిన ఇంటికి మూడో బాధ ఒకటుంది: ఒక్కో కొత్త భాగం పాత కప్పును తాకే ప్రతిచోటా ఒక లోయ ఏర్పడుతుంది, ప్రతి లోయకూ సీసపు రేకు పరిచిన కాలవ కావాలి, ఆ కాలవలో ఆకులు చేరితే నీళ్ళు నేరుగా గదిలోకి దిగుతాయి. చుట్టూ అడవి పెంచుకున్న ఇంటికి ఆకుల లోటు ఉండదు.

గోపురాల్లో ఒకదాని పేరు గిల్నాకీ టవర్. సరిహద్దు దొంగల నాయకుడు జానీ ఆర్మ్‌స్ట్రాంగ్ కోట పేరు అది. ఇంటిపేరు కలిసిందని ఫిరంగుల వ్యాపారి ముచ్చటపడి పెట్టుకున్నాడన్నమాట. మొదట దాని నెత్తిన ఆకాశం చూడటానికి గాజు గుమ్మటం ఉండేది, తర్వాత మామూలు కప్పు వచ్చింది.

లోపల అన్నిటికన్నా మంచి గది లైబ్రరీ, ఆ మాటలో సందేహం లేదు. గది పెద్దదే అయినా పెద్దగా అనిపించదు. దాని కిటుకంతా కిటికీలో ఉంది. లోయ వైపు గోడను ముందుకు తోసి పెద్ద బే కిటికీ పెట్టాడు షా, అందులో కూర్చుంటే చెట్ల తలల ఎత్తులో ఉంటాం. కిటికీ పై భాగాల్లో విలియం మోరిస్ అనే డిజైనరు కంపెనీ చేసిన రంగుటద్దాలు. నడుము ఎత్తు దాకా ఓక్ పలకలు, కప్పుకు కూడా చెక్కే. ఇంత చెక్క ఉన్న గది చీకటిగుయ్యారం కావాలి, కాలేదు, ఎందుకంటే వెలుగు ఒకే వైపు నుంచి ధారాళంగా పడి పలకల మీద పాకుతుంది. మబ్బు రోజున వెళ్ళినా ఈ గది నిరాశపరచదు. మిగతా చాలా గదుల గురించి ఆ మాట చెప్పలేం.

పక్కనే భోజనాల గది. అందులో చూడాల్సింది ఇంగిల్‌నుక్. పొయ్యిని గోడలో తొర్రలా కాకుండా, గదిలోనే ఇంకో చిన్న గదిలా కట్టి, ముందు రాతి కమాను ఎత్తి, లోపల రెండు వైపులా కూర్చోవడానికి బల్లలు పెడతారు. ఎత్తు కప్పుల గదుల్లో వేడంతా పైకి పోతుంది, కిటికీల సందుల్లోంచి చలిగాలి నేల మీద పారుతుంది. ఈ గూడులో దూరితే ఆ రెండు బాధలూ తప్పుతాయి. చలి దేశపు పాత వంటింటి తెలివి అది. తమాషా ఏమిటంటే, ఈ ఇంటికి అప్పటికే కింది అంతస్తు నుంచి వేడిగాలి పంపే ఏర్పాటు ఉంది. అంటే ఈ ఇంగిల్‌నుక్ అవసరం కోసం కట్టింది కాదు, ముచ్చట కోసం కట్టింది. పొయ్యి మీద చెక్కిన మాట కూడా ఆ ముచ్చటనే చెబుతుంది: తూర్పుకెళ్ళినా పడమరకెళ్ళినా ఇంటికి సాటి లేదని, అదీ అక్కడి యాసలో. కమాను రాతి పని మాత్రం చేత్తో తడిమి చూడాలనిపించేంత శుభ్రంగా ఉంటుంది. తడమకండి, చేతి జిడ్డు ఇసుకరాయిలో ఇంకిపోతుంది.

లైబ్రరీ కింద టర్కిష్ స్నానాల గదులున్నాయి: వేడి గది, చన్నీళ్ళ తొట్టి, షవర్, పక్కన బట్టలు మార్చుకునే చోటు. 1870 నాటివి. వాలు నేల ఇక్కడ షాకు కలిసొచ్చింది. పైన లైబ్రరీ నేల మట్టంలో ఉంటే, కింద దొరికిన ఖాళీ దానంతటదే ఒక అంతస్తు అయింది. ఇంటిని వెచ్చబరిచే ఏర్పాట్లు కూడా ఈ అడుగు భాగంలోనే. ఇది చూశాకే ఈ ఇల్లు నిలువుకోతలో ఎలా ఆలోచించి కట్టారో తడుతుంది. నేల నకాశా ఎంత చూసినా తట్టదు.

వంటిల్లు తొందరగా దాటేసేది కాదు. మాంసం కాల్చే ఇనుప ఊచను తిప్పడానికి నీటి శక్తి, వంటకాలు పైకి పంపడానికి చిన్న లిఫ్టు, మనుషులూ బొగ్గు బుట్టలూ ఎక్కడానికి వేరే లిఫ్టు, అన్నీ నీటి ఒత్తిడితోనే. సూత్రం చిన్నది: ఇంటికన్నా ఎత్తున నీళ్ళు నిల్వ చేస్తే, ఆ ఎత్తే ఒత్తిడి. కొళాయి తిప్పితే నీళ్ళు గొట్టంలోకి వచ్చి లోపలి కడ్డీని నెడతాయి, దానితో లిఫ్టు గది లేస్తుంది. నీళ్ళు వదిలేస్తే దిగుతుంది. పై అంతస్తుల్లో ఇన్ని పొయ్యిలున్న ఇంట్లో రోజూ బొగ్గు మోసేది పనిమనుషులే కాబట్టి ఈ లిఫ్టు విలువ ఎవరికి ఎక్కువ తెలిసుంటుందో చెప్పక్కర్లేదు.

డ్రాయింగ్ రూమ్ దగ్గరికి వచ్చేసరికి మెప్పు ఆగిపోతుంది. 1884 ఆగస్టులో వేల్స్ యువరాజు, యువరాణి రాబోతున్నారని హడావిడిగా ముగించిన భాగం అది. పైనుంచి వెలుగు పడే గుండ్రటి కప్పు, ఒక గోడంతా నింపేసిన ఇటాలియన్ పాలరాతి పొయ్యి. దాని బరువు సుమారు 10 టన్నులు. గీసినది షా దగ్గర ముఖ్య సహాయకుడిగా ఉన్న లెథబీ. చెక్కడం అద్భుతమే, ఆకుల మీద ఈనెలు కూడా లెక్కపెట్టుకోవచ్చు. కానీ గదికి అది లెక్క తప్పిన సైజు. మనుషులు కూర్చునే చోటు కాస్తా దాని ముందు నిలబడే చోటుగా మారిపోయింది. లైబ్రరీ కట్టిన పదిహేనేళ్ళ లోపే యజమాని సొంత సుఖం నుంచి అతిథుల కన్నుకుట్టు దాకా ఎంత దూరం వచ్చాడో ఈ రెండు గదులూ పక్కపక్కన పెట్టి చూస్తే తెలుస్తుంది. యువరాజ దంపతులకు ఇచ్చిన ఔల్ సూట్ ఇంతకన్నా నయం: మంచం కోళ్ళ మీద చెక్కిన గుడ్లగూబలు, నేలలోకి దించిన స్నానపు తొట్టి, హద్దులో ఉన్న డాబు.

డ్రాయింగ్ రూమ్‌కు దారితీసే గ్యాలరీలో ఇప్పుడు కనిపించే బొమ్మలు చాలావరకు ఆర్మ్‌స్ట్రాంగ్ వేలాడదీసినవి కావు. అతని సేకరణలో మేలైనవి 1910లో అమ్ముడుపోయాయి. కానీ ఈ గ్యాలరీకి వేరే గొప్ప ఉంది. 1878లో డెబ్డన్ చెరువు నీటితో తిరిగే డైనమో నుంచి కరెంటు తెచ్చి ఇక్కడ ఆర్క్ దీపం వెలిగించారు. జలవిద్యుత్తుతో వెలిగిన మొదటి ఇల్లన్న పేరు అలా వచ్చింది. ఆర్క్ దీపం ఇంటికి పనికొచ్చే దీపం కాదు. రెండు కర్బన కడ్డీల మధ్య మెరుపు, కళ్ళు చెదిరే వెలుగు, చిటపటలు, కడ్డీలు అరుగుతుంటే దగ్గరికి జరుపుతూ ఉండాలి. 1880 చివర్లో న్యూకాజిల్‌కే చెందిన జోసెఫ్ స్వాన్ చేసిన బల్బులు వచ్చాక అసలు కథ మొదలైంది. 6 గుర్రపు శక్తి టర్బైన్ (నీటి ధారకు తిరిగే చక్రం), ఇంటికి 1,500 గజాల దూరంలో. ఒకేసారి వెలిగేవి 37 బల్బులు.

లైబ్రరీలో పుస్తకాల అరల మీది నాలుగు కుండీ దీపాల దగ్గర మళ్ళీ ఆగాలి. రాగి మీద ఎనామిల్ పని చేసిన కుండీలవి. ప్రతి దీపానికీ స్విచ్చు పెట్టే పద్ధతి ఇంకా కుదరని రోజులు. కరెంటు వచ్చే తీగను కుండీ కూర్చునే పీట నడుమ ఉన్న చిన్న పాదరసం గిన్నెకు కలిపారు. కుండీ లోపలి నుంచి దిగిన తీగ కొస ఆ పాదరసంలో మునుగుతుంది, కరెంటు పైన బల్బుకు ఎక్కుతుంది. తిరిగి వెళ్ళే దారి కుండీ రాగి ఒళ్ళే. కుండీ ఎత్తితే దీపం ఆరిపోతుంది, దించితే వెలుగుతుంది. అంటే దీపం ఆర్పాలనుకున్నవాడు కరెంటు దారిలో ఉన్న లోహాన్నే పట్టుకుని లేపాలి, తీగ కింద మూతలేని పాదరసం. నేటి ఇన్‌స్పెక్టరు చూస్తే ఇల్లంతా సీలు వేసి పోతాడు. తెలివికి మాత్రం నూటికి నూరు.

ఈ దీపాల వెనక ఉన్న యంత్రాలు ఎస్టేటు మీద చెల్లాచెదురుగా ఉన్నాయి. 1886లో బర్న్‌ఫుట్ దగ్గర కొత్త పవర్ హౌస్ కట్టి, పైనున్న నెల్లీస్ మాస్ చెరువుల నీళ్ళను 300 అడుగులకు పైగా కిందికి తెచ్చి పెద్ద టర్బైన్ తిప్పారు. నీళ్ళు తగ్గే కాలానికి తర్వాత గ్యాస్ ఇంజన్ కూడా పెట్టారు, ఎందుకంటే వాన మీద ఆధారపడిన కరెంటుకు అప్పుడూ ఇదే చిక్కు. 2014లో టంబుల్‌టన్ చెరువు దగ్గర 17 మీటర్ల పొడవున్న ఆర్కిమిడీస్ మర (పెద్ద స్క్రూ) బిగించారు. పైనుంచి పడే నీటి బరువుకు మర తిరిగి 12 కిలోవాట్ల దాకా కరెంటు ఇస్తుంది. మర నెమ్మదిగా తిరుగుతుంది కాబట్టి చేపలకు హాని తక్కువ, తక్కువ ఎత్తు నుంచి నీళ్ళు పడే చోట టర్బైన్ కన్నా ఇదే నయం.

ఇంటి నిర్వహణ 1977 నుంచి పాత కట్టడాలను కాపాడే నేషనల్ ట్రస్ట్ అనే సంస్థ చేతిలో ఉంది. 2006, 2007ల్లో ఇల్లు మూసి లోపలి వైరింగంతా మార్చారు. కాబట్టి ఇప్పుడు వెలిగే దీపాల తీగలు కొత్తవి, పాతది ఆలోచన మాత్రమే. గదుల్లో వెలుతురు తక్కువగా ఉంచడం చూసి లోపం అనుకోకండి. గుడ్డలు, వాల్‌పేపర్, నీటిరంగుల బొమ్మలు ఎండకు వెలిసిపోతే తిరిగి రావు. కళ్ళు అలవాటు పడేదాకా ఒక్కో గదిలో ఒక నిమిషం ఊరికే నిలబడితే పైకప్పు చెక్కడాలు తేలతాయి.

ఇక నడక. ఎస్టేటు సుమారు 1,000 ఎకరాలు, చుట్టూ తిరిగే కారు దారి 6 మైళ్ళు. నేల అంతా ఎగుడుదిగుడు. వంతెన దాకా దిగడం ఒక ఎత్తు, తిరిగి ఎక్కడం ఇంకో ఎత్తు. రాతి తోట మెట్లు తడిసినప్పుడు జారతాయి, గట్టి పట్టున్న బూట్లు తప్పనిసరి. మోకాళ్ళ నొప్పులున్నవారు వంతెన జోలికి పోకుండా ఇంటి దగ్గరే ఉండటం మంచిది. రోడోడెండ్రాన్లు పూసే మే చివర, జూన్ నెలల్లో తోట మహా జోరుగా ఉంటుంది, జనం కూడా అంతే. కట్టడం చూడాలంటే ఆకు రాలే కాలమే మేలు, చెట్లు పలచబడి పొగగొట్టాలు, గోపురాలు స్పష్టంగా తేలతాయి. చలికాలంలో ఇంటి లోపలికి వెళ్ళనిచ్చే రోజులు మారుతుంటాయి కాబట్టి ముందు వేళలు చూసుకుని బయల్దేరాలి.

క్రమం ఇలా పెట్టుకుంటే బాగుంటుంది: ముందు వంతెన నుంచి చూపు, తర్వాత కింది అంతస్తు స్నానాల గదులు, వంటిల్లు, ఆపైన లైబ్రరీ, భోజనాల గది, చివర గ్యాలరీ, డ్రాయింగ్ రూమ్, అక్కడి నుంచి బర్న్‌ఫుట్ పవర్ హౌస్. లోపలి దారి ఆ రోజున ఎలా నడిపిస్తే అలా వెళ్ళక తప్పదు గానీ, బయటి రెండూ మన చేతిలోనే ఉంటాయి. తీరిక ఒక్క పూటే ఉండి ఏదో ఒకటి వదిలేయాల్సి వస్తే డ్రాయింగ్ రూమ్‌ని వదిలేయండి, పవర్ హౌస్‌ని వదలొద్దు. పది టన్నుల పాలరాతి పొయ్యిలు ఐరోపాలో ఇంకా ఉన్నాయి.